పిల్లల కోసం ఇంట్లో పుల్ల ఐసు: సిలికాన్ అచ్చు, స్టీలు కుల్ఫీ అచ్చులతో రెండు వేసవులు

హనుమకొండలో ఎండ 44 డిగ్రీలు దాటే మే నెల రోజుల్లో, సాయంత్రం నాలుగింటికి వీధిలో ఐసు బండి గంట వినపడగానే మా ఇద్దరు పిల్లలూ గేటు దగ్గర నిలబడతారు. వాళ్లను వద్దని లోపలికి లాక్కురావడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే సేమియా ఐసు మోచేతి దాకా కారుతుండగా తిన్న బాల్యమే నాది కూడా. అయితే ఆ ఐసును ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు, నీళ్లు గడ్డకట్టినంత మాత్రాన వాటిలోని సూక్ష్మక్రిములు చావవు, ఎర్రగా నాలుకకు అంటుకునే ఆ రంగు ఎంత కలిపారో అడిగినా చెప్పేవాళ్లు ఉండరు. అందుకని నిరుడు మార్చిలో 480 రూపాయలు పెట్టి ఆరు గదుల సిలికాన్ ఐసు అచ్చును ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఏప్రిల్ చివర్లో వరంగల్ చౌరస్తా వైపు ఒక స్టీలు సామాన్ల దుకాణంలో నాలుగు కుల్ఫీ అచ్చులు కూడా కొన్నాను. రెండు వేసవులు దాదాపు వారానికి మూడుసార్లు వీటిని వాడాక, కొనాలనుకునే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా సిలికాన్ అచ్చు సంగతి. మందుసీసాతో వచ్చే కొలత మూతతో పోసి చూస్తే ఒక్కో గదిలో సుమారు 75 మిల్లీలీటర్లు పట్టింది, ఏడేళ్ల పాపకు అది సరిపోతుంది, మూడున్నరేళ్ల బాబుకు కొంచెం ఎక్కువే. అచ్చుతో పాటు పుల్లలు దూర్చడానికి చీలికలున్న మూత, యాభై చెక్క పుల్లలు వచ్చాయి. అచ్చు మెత్తగా ఉండడం దీని మంచితనమూ, ఇబ్బందీ కూడా. మొదటి రోజు నిండుగా పోసి రెండు చేతులతో ఎత్తగానే మధ్యలో కుంగి, మామిడి గుజ్జు ఫ్రీజర్‌లోని పచ్చిబఠాణీల సంచి మీద ఒలికింది. అప్పటినుంచి అచ్చును ముందే ఒక స్టీలు పళ్లెంలో పెట్టి, పళ్లెంతో సహా ఎత్తుతున్నాను. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి ప్రతి గదిలోనూ పైన అర వేలెడు ఖాళీ వదలాలి, లేకపోతే మూత పైకి లేచి పుల్లలు ఒక పక్కకు ఒరుగుతాయి.

ఈ అచ్చు డబ్బులకు న్యాయం చేసేది ఐసు బయటకు తీసేటప్పుడు. అంతకుముందు మా ఇంట్లో గట్టి ప్లాస్టిక్ అచ్చు ఉండేది. దాన్ని కుళాయి కింద ఎంతసేపు పట్టుకున్నా ఒక్కోసారి పుల్ల మాత్రమే ఊడివచ్చి ఐసు లోపలే ఉండిపోయేది. ఒకసారి బాబు ఆ ఉత్త పుల్లను పట్టుకుని "అమ్మా, ఐసు రాలే" అని కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు, ఎదురుచూసిన నాలుగైదు గంటలూ వాడికి ఆ ఒక్క క్షణంలో పోయాయి. సిలికాన్‌లో ఆ బాధ లేదు. మూత తీసి, గది అడుగును బొటనవేలితో పైకి నొక్కుతూ, మేజోడు తిరగేసినట్టు అంచును కిందికి లాగితే ఐసు చుట్టూ సన్నని మంచుపొడితో, అంచులు చెక్కుచెదరకుండా నిలువుగా బయటకు వస్తుంది. ఇప్పుడు ఆ పని మా పాపే చేసి తమ్ముడికి అందిస్తోంది.

లోపాలు చెప్పకపోతే సమీక్ష సగమే అవుతుంది. సిలికాన్ వాసనను పీల్చుకుంటుంది. ఫ్రీజర్‌లో మూత సరిగా పెట్టని అల్లం వెల్లుల్లి డబ్బా పక్కన రెండు రోజులు ఉంచినందుకు ఆ వారం సపోటా ఐసు అంతా వెల్లుల్లి వాసన వేసి పారబోయాల్సి వచ్చింది. గిన్నెలు తోమే సబ్బు వాసన కూడా దాన్ని వదలదు. వంటసోడా వేసిన నీళ్లలో పది నిమిషాలు మరిగించి, ఎండలో బోర్లిస్తే చాలావరకు పోతుంది, కానీ ప్రతి వారం ఆ పని చేసే ఓపిక అందరికీ ఉండదు. అంతకన్నా పెద్ద లోపం మూతది. చీలికల్లో గుజ్జు ఇరుక్కుని, పాత పళ్లుతోమే బ్రష్షుతో రుద్దితే తప్ప శుభ్రం కాదు. ఒక వేసవి గడిచేసరికి చీలికలు వదులై పుల్లలు నిలబడడం మానేశాయి. ఇప్పుడు మూత లేకుండా ముప్పావు గంట గడ్డకట్టనిచ్చి, పైభాగం చిక్కబడ్డాక పుల్ల గుచ్చుతున్నాను.

స్టీలు అచ్చులు కొన్న దుకాణంలో ఆమె "ఇవి తీస్కో అక్కా, కింద వడ్డా వలగయి" అని చెప్పి, ఒక్కోటి 70 రూపాయలకు ఇచ్చింది. ఆమె మాట నిజమైంది, బాబు చేతిలోంచి ఎన్నిసార్లు పడ్డా అవి అలాగే ఉన్నాయి. అదే వరుసలో 30 రూపాయలకే అల్యూమినియం అచ్చులు కూడా ఉన్నాయి కానీ పిల్లల కోసం వాటిని తీసుకోవద్దని నా సలహా. మామిడి, నిమ్మ, పెరుగు వంటి పులుపు తగిలే పదార్థాలు అల్యూమినియాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి, రుచి కూడా మారుతుంది. లోహం చల్లదనాన్ని వేగంగా అందిస్తుంది కాబట్టి మా ఫ్రీజర్‌లో సిలికాన్ అచ్చుకు ఆరేడు గంటలు పడితే స్టీలు అచ్చుకు నాలుగు గంటలు చాలు. తొందరగా గడ్డకడితే మంచు పలుకులు చిన్నవిగా ఏర్పడతాయి, పాల ఐసు నోట్లో ఇసుకలా తగలకుండా మెత్తగా ఉండడానికి అదే కారణం. తీసేటప్పుడు మాత్రం అరచేతుల మధ్య కాసేపు దొర్లించాలి లేదా గోరువెచ్చని నీళ్లలో ఒక్క క్షణం ముంచాలి. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన స్టీలు అచ్చును చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు, తడి నాలుక దానికి అతుక్కుంటుంది.

ఏ అచ్చులో ఏం పోయాలనేది నాకు కొన్ని తప్పులు చేశాకే తెలిసింది. మొదటి ప్రయత్నం పుచ్చకాయ. రసం తీసి, వడకట్టి పోశాను. అది రాయిలా బిగుసుకుంది, పిల్లలు రెండుసార్లు పీల్చేసరికి ఎరుపూ తీపీ ముందే వచ్చేసి చేతిలో తెల్లని మంచుగడ్డ మిగిలింది. ఉత్త రసంలో నీరే ఎక్కువ, ఆ నీటిని పెద్ద పలుకులుగా బిగుసుకోకుండా ఆపడానికి చక్కెరో, కొవ్వో, పీచో ఉండాలి. అంగట్లో దొరికే ఐసు మెత్తగా ఉండడానికి చక్కెర కూడా ఒక కారణం, అది నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. ఇంట్లో ఆ పని బాగా పండిన అరటిపండు, మామిడి గుజ్జు, చిక్కని పెరుగు చేస్తాయి. ఇప్పుడు పుచ్చకాయను వడకట్టకుండా, గింజలు తీసి, సగం అరటిపండుతో కలిపి మిక్సీ పడుతున్నాను, నానబెట్టిన సబ్జా గింజలు రెండు చెంచాలు కలుపుతున్నాను.

మామిడి దగ్గర మాకు కొరత లేదు. జగిత్యాల తోటల నుంచి వచ్చే బంగినపల్లి కాయలు ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ అంతటా దొరుకుతాయి. కాల్షియం కార్బైడుతో మాగబెట్టడం నిషేధమే అయినా, నమ్మకం లేక నేను గట్టి కాయలు తెచ్చి గడ్డిలో మాగేసుకుంటాను, పండు వాసన ఇల్లంతా నిండాకే ఐసుకు వాడతాను. రెండు పండ్ల గుజ్జు, ఒక కప్పు గట్టి పెరుగు, చిటికెడు ఏలకుల పొడి సిలికాన్ అచ్చు ఆరు గదులకూ సరిపోతాయి, చక్కెర ఒక్క చెంచా కూడా అవసరం లేదు. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి కలిపినప్పుడు కాస్త ఎక్కువ తియ్యగా అనిపించేంత పండిన కాయనే తీసుకోవాలి.

స్టీలు అచ్చులకు సేమియా ఐసే తగినది. ముల్కనూరు మహిళా డెయిరీ చిక్కటి పాలు లీటరు తీసుకుని, అడుగంటకుండా తిప్పుతూ 600 మిల్లీలీటర్లకు మరిగిస్తాను. మా అత్తమ్మ చెప్పిన చిట్కా ఒకటి నాకు ఎంతో పనికివచ్చింది: "సేమియ నెయ్యిల ఏంచి ఎయ్యి బిడ్డా, ముద్ద గట్టది." పిడికెడు సేమియాను సన్నగా నలిపి, ఎర్రగా వేయించి, పాలలో ఉడికిస్తే గడ్డకట్టాక కూడా ఒక్కో పోగు విడిగా పంటికి తగులుతుంది. బెల్లం వేడి పాలలో వేస్తే ఒక్కోసారి పాలు విరుగుతాయి. పాలు పూర్తిగా చల్లారాక, విడిగా కరిగించి వడకట్టిన 50 గ్రాముల బెల్లం నీళ్లు కలుపుతాను. ఎనిమిది ఐసులు వస్తాయి కాబట్టి ఒక్కోదానిలో ఆరు గ్రాముల బెల్లం ఉన్నట్టు. స్టీలు అచ్చులు నాలుగే ఉన్నందున రెండు విడతలుగా పోస్తాను.

ఈ లెక్క ఎందుకు వేస్తున్నానంటే, ఇంట్లో చేసింది కదా అని చక్కెర గుప్పిస్తే ఇంత శ్రమ పడిన ఫలితం ఉండదు. విడిగా కలిపే చక్కెరలు రోజు శక్తిలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపుంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు సుమారు 1,600 కిలోకేలరీలు తినే పిల్లకు 5 శాతం అంటే 20 గ్రాములు, అంటే నాలుగైదు చెంచాలు మాత్రమే. బెల్లం, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తాయి, వడకట్టిన పండ్లరసంలోని తీపి కూడా వస్తుంది. ఏడాది లోపు పాపలకు తేనె అసలే పెట్టకూడదు. నాలుగేళ్లలోపు పిల్లలకు ద్రాక్షలు, జీడిపప్పు వంటివి ఐసులో ముక్కలు చేయకుండా వేయకూడదు, కరిగేకొద్దీ అవి ఒక్కసారిగా గొంతులోకి జారే ప్రమాదం ఉంటుంది.

మేలో గాలిదుమారం వచ్చి గంటల తరబడి కరెంటు పోయే రోజులు మనకు మామూలే. పాల ఐసు పూర్తిగా కరిగితే మళ్లీ గడ్డకట్టించి పిల్లలకు ఇవ్వవద్దు, పారబోయడమే మేలు. నేను గడ్డకట్టిన ఐసులను తీసి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెడతాను, వారంలోపు అయిపోయేలా చూస్తాను.

ఒకే రకం కొనాలంటే, ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి సిలికాన్ అచ్చునే సూచిస్తాను, వాసనను అదుపులో పెట్టగలిగితే. పాల ఐసు ఎక్కువగా చేసేవాళ్లు, వస్తువు పదేళ్లు ఉండాలనుకునేవాళ్లు స్టీలు వైపు వెళ్లాలి. అక్టోబరులో సీతాఫలాలు వచ్చినప్పుడు నేను స్టీలునే వాడాను. గింజలు విషపూరితం కాబట్టి మిక్సీలో వేయకుండా చేత్తోనే ఒక్కోటి తీసి, గుజ్జును చల్లని పాలతో కలిపాను, అందులో బెల్లం కూడా వేయలేదు. పిల్లలిద్దరూ ఇప్పటివరకు చేసిన వాటన్నిటిలో అదే కావాలని అడుగుతున్నారు. వచ్చే వేసవికి మరో నాలుగు స్టీలు అచ్చులు తీసుకుంటాను. సిలికాన్ అచ్చుకు మూత విడిగా అమ్ముతారా అని ఆ అమ్మకందారుకు రెండుసార్లు రాశాను, ఇంకా జవాబు రాలేదు.