విక్టోరియా పెన్నీలు: రాగిదా, కొప్పుదా, ముసుగుదా? దేనికి ఎంత పెట్టొచ్చు?

టైప్ కలెక్షన్ అంటే ప్రతి సంవత్సరం నాణెమూ వెతుక్కోవడం కాదు, బొమ్మ మారినప్పుడల్లా ఒకటి చొప్పున పెట్టుకోవడం. ఆ లెక్కన విక్టోరియా రాణి కాలపు బ్రిటిష్ పెన్నీలకు ట్రేలో మూడు గళ్లు చాలు. 1860 దాకా వచ్చిన పెద్ద రాగి పెన్నీ ఒకటి. 1860 నుంచి 1894 వరకు వచ్చిన కంచు పెన్నీ ఇంకొకటి, రాణి జడకొప్పును బట్టి దీన్ని ‘బన్ హెడ్’ అంటారు. 1895 నుంచి 1901 వరకు వచ్చిన ముసుగు బొమ్మ మూడోది. మూడూ ఒకే గ్రేడ్‌లో (నాణెం ఎంత అరిగిందో చెప్పే స్థాయి) ధగధగలాడాలని మొదట్లో నేనూ అనుకున్నాను. ధరలు చూశాక ఆ పట్టు వదిలేశాను.

అన్నిటికంటే సులువు ముసుగు బొమ్మ. 1901 జనవరి 22న రాణి పోయారు. ఆవిడ బొమ్మతో ఇవే ఆఖరివని ఆ ఏడాది పెన్నీలను చాలామంది వాడకుండా దాచుకున్నారు. పైగా అచ్చయినవి కూడా రెండు కోట్ల పైమాటే. అందుకే చలామణీలో అరగని 1901 పెన్నీ ఈరోజుకీ పదుల పౌండ్లలోనే దొరుకుతుంది, వందల్లోకి వెళ్లక్కర్లేదు. 1900 కూడా అంతే. కాబట్టి ఈ గడి విషయంలో రాజీ పడొద్దు. అచ్చయినప్పటి అసలు ఎర్రటి మెరుపు సగానికి పైగా మిగిలి ఉన్నదే తీసుకోండి. 1895లో మాత్రం బ్రిటానియా (బొరుసు వైపు కూర్చున్న స్త్రీ, బ్రిటన్‌కు ప్రతిరూపం) త్రిశూలానికీ ‘పెన్నీ’ అన్న మాటలోని ‘పి’కీ మధ్య దూరాన్ని బట్టి ఒక అరుదైన రకం ఉంది. దాని ధర వేరు, టైప్ సెట్‌కు దాని అవసరం లేదు.

మనవాళ్లకు ఈ పెన్నీలో ఇంకో ఆసక్తి కూడా ఉంది. బొమ్మ వైపు రాతలో చివర ‘ఇండ్ ఇంప్’ అని ఉంటుంది, అంటే భారత సామ్రాజ్ఞి. ఆ బిరుదు 1876లోనే పుచ్చుకున్నా, పెన్నీ మీదికి ఎక్కడానికి 1895 దాకా పట్టింది. మన కాలణాలను ముందు పెట్టుకుని చూస్తే ఆ ఆలస్యం భలే తమాషాగా ఉంటుంది. వాటి మీద 1877 నుంచే ‘ఎంప్రెస్’ అని వేశారు.

ఇక అసలు టెన్షన్ కొప్పు పెన్నీతోనే. ముప్ఫై అయిదేళ్ల పాటు వచ్చిన నాణెం, వాటిలో తేడాలకు అంతే లేదు. అంచున ముత్యాల్లాంటి చుక్కలున్నవి, దంతాల్లాంటి గీతలున్నవి, తేదీ కింద ‘హెచ్’ గుర్తున్నవి (బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలవి)... ఇలా చాలా. 1869 లాంటి సంవత్సరాలకు కట్టే డబ్బు అరుదుదనానికి పోతుంది తప్ప అందానికి కాదు. మనకు కావలసింది ఒక్కటే, మంచిది. అందుకని 1890, 1891, 1892, 1893ల్లో వెతకడం మేలు. అదే కొప్పు, అదే బొరుసు వైపు బ్రిటానియా, ఆమెకు ఎడమన లైట్‌హౌస్, కుడిన ఓడ. 1895లో ఆ రెంటినీ తీసేశారు కాబట్టి, ఓడ తెరచాపలు స్పష్టంగా ఉన్న ముక్కను ఎంచుకోండి. ఇదే గ్రేడ్‌లో 1860ల నాటిది కావాలంటే చాలా ఎక్కువ పెట్టాలి. నాకైతే ‘హెచ్’ గుర్తంటే ఇష్టం. 1876 పెన్నీలన్నీ హీటన్ వాళ్లే కొట్టారు. కానీ మెరుపున్నది చవగ్గా దొరకాలంటే 1890ల వైపే వెళ్లాలి.

రాగి పెన్నీ సంగతి పూర్తిగా వేరు. 34 మిల్లీమీటర్ల వెడల్పు, 18.8 గ్రాముల బరువు. కంచు పెన్నీ 9.4 గ్రాములే. చేతిలో పెట్టుకుంటే రెండు తరాల తేడా తెలుస్తుంది. విలియం వయాన్ చెక్కిన యువరాణి లాంటి ముఖం నా దృష్టిలో మూడింటిలోకీ అందమైనది. కానీ ఎర్రటి మెరుపుతో ఉన్న రాగి పెన్నీకి అడిగే డబ్బుతో 1901వి అరడజను పైగా కొనొచ్చు. కాబట్టి ఇక్కడ మెరుపు ఆశ వదులుకోవాలి. 1853, 1854, 1855, 1858ల్లో ఏదైనా పరవాలేదు. ఈఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అంటే చాలా కొద్దిగా అరిగిన) గ్రేడ్‌లో, చాక్లెట్ రంగులో, అంచున దెబ్బలు లేనిది చూడండి. బరువైన మెత్తటి రాగి కదా, కింద పడితే అంచు నొక్కుకుపోతుంది. ఫొటోలో ముందు ముఖం కాదు, చుట్టూ అంచు చూడాలి.

మెరుపు గురించి చేయి కాల్చుకున్న మాట ఒకటి చెప్పాలి. ఒకసారి 1862 పెన్నీ ఒకటి ఫొటోలో నారింజ రంగులో వెలిగిపోతుంటే కొనేశాను. వచ్చాక భూతద్దం కింద పెట్టాను. రాణి చెంప మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. చెంప ఎర్రగా ఉంది, అక్షరాల సందుల్లో మాత్రం నల్లటి మడ్డి. అసలు మెరుపు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ముందు ఎత్తైన చోట్లు, అంటే చెవి మీది జుట్టు, బ్రిటానియా మోకాలు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఎరుపు అక్షరాల సందుల్లో దాక్కుంటుంది. నా పెన్నీని ఎవరో శుభ్రంగా తోమి పెట్టారన్నమాట. రాగి చెంబును చింతపండుతో తోమే ఇంట్లో పుట్టినవాణ్ణి, ముందే పోల్చుకోవాల్సింది. తోమిన నాణెం కంటే నిజాయితీగా నల్లబడిన నాణెమే ఎప్పుడూ నయం. పచ్చటి చిలుము పట్టినదైతే ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు.

గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసినది కొనాలా, విడిగా కొనాలా అంటే, 1901కి పెట్టె దండగ. చాలాసార్లు గ్రేడింగ్ ఖర్చే నాణెం ధరను దాటుతుంది. రాగి పెన్నీకైతే ఆలోచించొచ్చు.

డబ్బు పరిమితంగా ఉంటే నేనైతే ముందు 1901 కొంటాను. కొన్నాళ్లు దాన్ని చూస్తూ అసలు మెరుపు ఎలా ఉంటుందో కంటికి అలవాటు చేసుకుంటాను. తర్వాత కొప్పుది. రాగి పెన్నీ గడి ఏడాది ఖాళీగా ఉన్నా కంగారు పడను. నా ట్రేలో అది ఇప్పటికీ ఖాళీయే. ఆ 1862 మాత్రం సొరుగులో విడిగా ఉంది, కొత్తగా సేకరణ మొదలుపెట్టిన వాళ్లు వస్తే తీసి చూపించడానికి.