కోరిక తీర్చే కథ, గుర్తుపట్టే కథ

తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో పోయేటప్పుడు నా సంచిలో రెండు రకాల కథలుంటాయి. ఒకటి చదువుతుంటే చంద్రగిరి ఎప్పుడు దాటిందో తెలియదు. రెండోది చదువుతూ పూతలపట్టు దగ్గర పుస్తకం మూసి, కిటికీలోంచి చూస్తూ ఉండిపోతాను.

మొదటిది కోరిక తీర్చేది. సినిమా అయినా 1951 నాటి ‘పాతాళభైరవి’ని మించిన ఉదాహరణ నాకు తోచదు. తోటరాముడు రాకుమారిని ప్రేమిస్తాడు, సంపద లేకపోవడం అడ్డు. వరమిచ్చే ప్రతిమ చేతికి రాగానే ఆ అడ్డు తొలగుతుంది. అయితే వరం దొరకడం ఒక్కటే ఇలాంటి కథ లక్షణమని నేననుకోను. అతణ్ణి చిన్నచూపు చూసినవాళ్లే అతని విలువ ఒప్పుకోవాలి. ముందు అవమానం లేకపోతే గెలుపులో రుచి ఉండదు. 1908లో మనోవిశ్లేషణ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ పగటికలకూ కథలకూ చుట్టరికం కలిపాడు. తీరని కోరికే కలను నడిపిస్తుందనీ, ఇలాంటి కథల్లో ఏ ప్రమాదమూ అంటని నాయకుడు మనలోని ‘నేను’ అనీ అన్నాడు. ఉద్యోగం రాక అద్దెగదిలో ఉన్న రోజుల్లో నన్ను నిలబెట్టినవి అలాంటి కథలే. వాటిని ఎవరైనా పలాయనమంటే నాకు బాధేస్తుంది.

రెండోది రచయిత నామిని ‘మిట్టూరోడి కథలు’ లాంటిది. మా చిత్తూరు పల్లె మాటల్లోనే సేద్యం, పేదరికం, ఇంటి మనుషులు. ఏ వరమూ దిగిరాదు. చదివాక గెలిచినట్టుండదు, మనల్ని ఎవరో గుర్తుపట్టినట్టుంటుంది.

అలసిపోయిన రాత్రి నేను మొదటిదే తీస్తాను. మా అమ్మ గుర్తొచ్చిన రోజు మాత్రం రెండోదే.