పది అంగుళాల టేబుల్ సా: మూడేళ్లు వాడాక

బల్ల మధ్యలోంచి పైకి లేచి తిరిగే గుండ్రటి బ్లేడుకేసి చెక్కను నెట్టి కోసే మిషనే టేబుల్ సా. మాది 10 అంగుళాల బ్లేడు, 1,800 వాట్ల మోటారు, మడత స్టాండుతో వచ్చే రకం. టేకు, వేప, తుమ్మ చెక్కలు, 12, 18 ఎంఎం ప్లైవుడ్డు మూడేళ్లుగా దీనిమీదే కోస్తున్నాం. కొనేవాళ్లు ముందుగా వాట్లు అడుగుతారు. అంతకంటే ముందు చూడాల్సింది బ్లేడు వెనకాల నిలబడే చిన్న ఉక్కు రేకు. దాన్నే రైవింగ్ నైఫ్ అంటారు.

బ్లేడు ముందు పళ్లు చెక్కను బల్లకేసి నొక్కుతాయి, వాటితో పెద్ద పేచీ లేదు. వెనక పళ్లు కింది నుంచి పైకి లేస్తాయి. కోసిన సందు మూసుకుపోయి చెక్క ఆ పళ్లను పట్టేసిందంటే పైకి లేచి మనిషి మీదికే వస్తుంది. 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి 4,000 చుట్లు) దగ్గర ఈ బ్లేడు అంచు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు, తప్పుకునే వ్యవధి ఉండదు. సరిగా ఆరని టేకు, మెలి తిరిగిన తుమ్మ చెక్కల్లో లోపల బిగువు ఉంటుంది. నిలువుగా చీలుస్తుంటే రెండు ముక్కలూ ఒకదానివైపు ఒకటి వంగుతాయి. రైవింగ్ నైఫ్ ఆ సందులో నిలబడి మూసుకోనివ్వదు. బ్లేడుతో పాటే లేస్తుంది, దిగుతుంది, పక్కకు వాలుతుంది. పైఅంచు బ్లేడు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందే ఉండేలా పెడితే గాడి తీసేటప్పుడు కూడా విప్పక్కర్లేదు.

దీని మందం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. రేకు మందం బ్లేడు ప్లేటు (పళ్లు వదిలేసి మిగతా బిళ్ల) కంటే ఎక్కువ, పళ్ల కోత వెడల్పు కంటే తక్కువ ఉండాలి. మా బ్లేడు ప్లేటు 1.8, కోత 2.8, నైఫ్ 2.3 ఎంఎం. చవగ్గా దొరికిందని 2.2 ఎంఎం కోత బ్లేడు బిగిస్తే చెక్క నైఫ్ దగ్గర ఆగిపోతుంది. అప్పుడు పనివాళ్లు చేసేది ఒకటే, నైఫ్ పీకేసి పక్కన పడేస్తారు. అసలు ప్రమాదం అక్కణ్ణించి మొదలవుతుంది. నైఫ్‌కీ బ్లేడుకీ మధ్య 3 నుంచి 8 ఎంఎం ఎడం ఉండాలి. రెండూ ఒకే గీతలో ఉన్నాయో లేదో ప్లగ్గు పీకి స్టీలు స్కేలు ఆనించి చూడండి.

ఈ మిషన్‌లో నాకు నచ్చనిది ఫెన్స్, అంటే చెక్క అంచును ఆనించి నెట్టే పొడవాటి పట్టీ. స్టాండు మడిచి ఆటోలో వేసి దించిన ప్రతిసారీ కాస్త జరుగుతుంది. బ్లేడు మీద ఒక పన్నుకు మార్కరుతో చుక్క పెట్టి, ముందు వైపు ఆ పన్నుకీ మైటర్ గాడికీ (బల్ల మీద బ్లేడు పక్కన ఉండే పొడవాటి గాడి) మధ్య దూరం కొలవండి. బ్లేడు చేత్తో తిప్పి, అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలవండి. రెండూ కలిశాక ఫెన్స్‌ను ఆ గాడికి సమాంతరంగా బిగించండి. వెనక కొస బ్లేడు వైపు అర మిల్లీమీటరు వాలినా చెక్క నలుగుతుంది. కోత గోడ మీద గోధుమరంగు కాలిన చారలు కనిపిస్తే చాలామంది బ్లేడు మొండిదైందనుకుంటారు. ముందు ఫెన్స్ చూసుకోండి.

అడ్డంగా కోసేటప్పుడు మైటర్ గేజీ (మైటర్ గాడిలో జారుతూ చెక్కను నెట్టే పరికరం), ఫెన్స్ రెండూ కలిపి వాడకండి. తెగిన ముక్క రెంటి మధ్య ఇరుక్కుని ఎగురుతుంది. కొలత కోసం ఫెన్స్ కావాలంటే దాని ముందు భాగానికి చిన్న దిమ్మ క్లాంపు చేసి, చెక్క బ్లేడును చేరకముందే ఆ దిమ్మను దాటిపోయేలా పెట్టండి.

మిషన్‌తో వచ్చిన సన్నటి ప్లాస్టిక్ తోపుడు కర్ర చెక్కను ముందుకు నెడుతుందే గానీ కిందికి అదమదు. 18 ఎంఎం ప్లైతో అడుగు పొడవు చెప్పులాంటి తోపుడు దిమ్మ చేసుకోండి. వెనక కొసన 6 ఎంఎం మడమ చాలు. ఫెన్స్‌కీ బ్లేడుకీ మధ్య 150 ఎంఎం కంటే తక్కువుంటే చెయ్యి వద్దు, దిమ్మే. ముక్క నైఫ్ దాటేదాకా నెట్టాలి, మధ్యలో వదలకూడదు. ఫెన్స్ కుడివైపు ఉంటే బ్లేడు గీతకు ఎడమగా నిలబడండి. బ్లేడు చెక్క మీద 3 నుంచి 6 ఎంఎం పైకి కనిపిస్తే సరిపోతుంది.

ఎనిమిదడుగుల షీటును ఒక్కరే ఈ చిన్న బల్ల మీద తోయడం కుదరదు. చేతి మిషన్‌తో రెండు ముక్కలు చేసుకున్నాకే దీని మీదికి ఎక్కించండి.

స్విచ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కరెంటు పోయి వస్తే ఈ మిషన్ దానంతట అది తిరగదు, పచ్చ బొత్తాం మళ్లీ నొక్కాల్సిందే. ఇనప బల్లకు మోటారు, బెల్టు, మామూలు స్విచ్ పెట్టి చేసిన వాటిలో ఈ ఏర్పాటు ఉండదు. కరెంటు పోయినప్పుడు బ్లేడు మీద పొట్టు దులుపుతున్న చెయ్యి, కరెంటు తిరిగొచ్చేసరికి అక్కడే ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. చేతి కటింగ్ మిషన్‌ను తిరగేసి ప్లైవుడ్ కింద బిగించడం ఇంకా ఘోరం. దాని స్విచ్ లాక్ చేసి ఉంటుంది, నైఫ్ ఉండదు, నాలుగంగుళాల మిషన్ వేగం 12,000 ఆర్‌పీఎం దాటుతుంది.

16 ఆంప్స్ సాకెట్ వాడండి. ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది కావాలి. సన్న వైరైతే వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది, బ్లేడు చెక్కలో ఆగిపోతుంది. గ్లౌజులు వేసుకోకండి, పన్ను గుడ్డ అంచు పట్టుకుంటే వేలితో సహా లాగేస్తుంది. చేతికి కట్టిన దారాలు, కడియం, వేలాడే కండువా అంతే. కళ్లద్దాలు, చెవి మఫ్స్, ఎన్95 మాస్కు రోజూ వాడండి. టేకు పొట్టు కొందరికి తుమ్ములు, దద్దుర్లు తెప్పిస్తుంది.

పాత మిషన్ కొనబోతుంటే నైఫ్, గార్డు (బ్లేడు మీది మూత), బ్లేడు విప్పే రెండు స్పానర్లు ఉన్నాయా అని అడగండి. నైఫ్ పోయిందంటే అదే మోడల్‌ది దొరికేదాకా బేరం ఆపండి. దొరికితే బిగించి, ఒక చెక్క కోయించి చూశాకే డబ్బివ్వండి.