కోడంత డైనోసార్ కోసం బవేరియాకు: మ్యూనిక్, ఐష్‌టెట్

కోడంత డైనోసార్ కాంప్సోగ్నేథస్‌కు చెప్పుకోదగ్గ అస్థిపంజరాలు రెండే. 1859లో శాస్త్రవేత్త వాగ్నర్ పేరు పెట్టినది జర్మనీలోని మ్యూనిక్ సేకరణలో ఉంది. ఫ్రాన్స్‌లోని కాంజ్యూర్‌లో దొరికినది పారిస్ మ్యూజియానిది. ఒకదానికే సమయముంటే మ్యూనిక్ మేలు. ఈ అస్థిపంజరం ఇమిడి ఉన్నలాంటి సున్నపురాయి తవ్విన క్వారీలు కూడా అక్కడికి దగ్గరే.

మ్యూనిక్ పాలియాంటాలజీ మ్యూజియం క్యోనిగ్స్‌ప్లాట్స్ స్టేషన్ నుంచి నడిచేంత దూరం. టికెట్ లేదు, చిక్కంతా వేళలతోనే. సోమ నుంచి గురువారం దాకా 8–4, శుక్రవారం 2 గంటలకే మూత. శని, ఆదివారాలు సెలవు, నెల మొదటి ఆదివారం తప్ప. వెళ్లే ముందు వేళలు మరోసారి చూసుకోండి. ఎదురుగా ఉన్నది అసలు రాయా, అచ్చా అన్నది పక్కన అతికించిన చీటీలో చూడండి. ఈ డైనోసార్ తోకతో కలిపి 89 సెంటీమీటర్లే. మెడ వెనక్కి విరుచుకుని ఉంటుంది. పొట్టలో ఉన్న చిన్న ఎముకల దగ్గర కాసేపు ఆగాలి. 1881లో శాస్త్రవేత్త మార్ష్ వాటిని పుట్టని పిల్ల అనుకున్నాడు, 1903లో మరో శాస్త్రవేత్త నోప్చా అది మింగిన బల్లి అని చెప్పాడు. దుకాణాల్లో బొమ్మ కొంటే వేళ్లు లెక్కపెట్టండి: చేతికి రెండే ఉంటే అది పాత ఊహ.

ఐష్‌టెట్‌కు ఇంగోల్‌స్టాట్ మీదుగా రైలు. బవేరియా అంతటా ఒక రోజు తిరిగే బయర్న్ టికెట్ పనిదినాల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. పేరు చూసి మోసపోకండి: ఐష్‌టెట్ బాన్‌హోఫ్ (అంటే స్టేషన్) ఊరికి దూరం, అక్కడ చిన్న రైలు మారి 'ఐష్‌టెట్ స్టాట్'లో దిగాలి. విల్లిబాల్డ్స్‌బర్గ్ కోటలోని జురా మ్యూజియానికి ఎత్తు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు టాక్సీయే నయం. ఒకే ఒక్క నమూనాతో తెలిసిన జురావెనేటర్ ఉన్నది ఈ మ్యూజియంలోనే. కాంప్సోగ్నేథస్‌కు దగ్గర పోలిక ఉన్న ఈ పిల్ల డైనోసార్ కోసమైనా ఎక్కాల్సిందే.

శిలాజాలు మీరే వెతకాలంటే, ఐష్‌టెట్ దగ్గరి బ్లూమెన్‌బర్గ్ క్వారీలో సుత్తి, ఉలి అద్దెకిస్తారు. పలకను నిలబెట్టి, అంచున పొర వెంట మెల్లగా కొట్టాలి. నడిమిన కొడితే ముక్కలవుతుంది. నాచు మొక్కలా కనిపించే నల్ల గీతలు శిలాజాలు కావు, మాంగనీస్ మరకలు. ఎక్కువగా దొరికేవి సాకోకోమా అనే చిన్న సముద్రజీవులు. డైనోసార్ మీద ఆశ పెట్టుకోవద్దు. నీడ తక్కువ, తెల్లరాయి మెరుపు కళ్లను పొడుస్తుంది. టోపీ, నీళ్లు, కళ్లకు రక్షణ అద్దాలు, రాళ్లు చుట్టడానికి పాత పేపర్లు పట్టుకెళ్లండి.

బసకు ఐష్‌టెట్‌లో ఒక రాత్రి చాలు. సెప్టెంబరు చివర్లో మ్యూనిక్‌లో అక్టోబర్‌ఫెస్ట్ బీరు పండుగ, గది అద్దెలు ఆకాశంలో ఉంటాయి. గుడ్డు తినే శాకాహారులకు కేజ్‌ష్పెట్స్‌లె దొరుకుతుంది, అంటే గుడ్డు కలిపిన పిండితో చేసి చీజు వేసిన మెత్తని ముద్దల వంటకం. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూత కాబట్టి పెరుగు, రొట్టె శనివారమే తెచ్చిపెట్టుకోవాలి.