విజయ పాలు, పెరుగు, ఐస్‌క్రీం: చాలా ఏళ్ళు వాడాక నా మాట

పాలు మంచివో కాదో కాఫీలో చూసి తేల్చకండి, మర్నాటి పెరుగులో చూడండి. ఏ పాలు తీసుకోమంటారని అడిగిన వాళ్ళందరికీ నేను మొదట చెప్పే మాట ఇదే. కాఫీలో డికాక్షనూ పంచదారా కలిసి చాలా లోపాల్ని కప్పేస్తాయి, తోడు పెట్టాక మాత్రం ఏదీ దాగదు.

నేను పుట్టి పెరిగింది బెజవాడ వన్‌టౌన్‌లో, చిట్టినగర్ పాల ప్రాజెక్టు, అంటే విజయ పాల ఫ్యాక్టరీ, మాకు నడిచి వెళ్ళే దూరం. పెళ్ళయ్యాక కొన్నేళ్ళు హైదరాబాదులో ఉండి మళ్ళీ ఇక్కడికే వచ్చేశాం. మధ్యలో వేరే కంపెనీల పాలు కూడా వాడాం, ఒకటి రెండు బాగానే ఉన్నాయి, ఒక కంపెనీ పాలు మాత్రం ఎంత చిక్కగా కనిపించినా పెరుగు తోడుకున్నాక సగం గిన్నె నీళ్ళు తేలేది. ఇప్పుడు ఇంట్లో రెండు రకాలు వస్తాయి, పెరుగుకీ పిల్లలకీ విజయ ఫుల్ క్రీం, టీకీ కాఫీకీ టోన్డ్.

ఫుల్ క్రీం అంటే కనీసం 6 శాతం వెన్న, 9 శాతం మిగతా ఘనపదార్థాలు ఉండాలి. టోన్డ్ అయితే 3, 8.5. ఇది చట్టం పెట్టిన లెక్క, ఏ కంపెనీ ప్యాకెట్ అయినా ఇంతే. మరి రుచిలో తేడా ఎందుకొస్తుందంటే, పాలు ఎంత దూరం నుంచి వచ్చాయి, ఎంత త్వరగా చల్లబరిచారు, ఘనపదార్థాల లెక్క పాలతోనే సరిపోయిందా లేక పాలపొడి కలిపి సరిపెట్టారా, ఇవన్నీ ఉంటాయి. నేను ఫుల్ క్రీం పాలు పొంగు వచ్చాక వెంటనే దించను, సిమ్‌లో పెట్టి ఇంకాసేపు మరగనిస్తాను, తర్వాత గోరువెచ్చగా అయ్యాక చెంచాడు తోడు వేసి కదపకుండా వదిలేస్తాను. పొద్దున్నకి గిన్నె ఒంచినా కదలని గడ్డ పెరుగు, పైన మీగడ. చాలామంది మీగడ రావట్లేదని పాలని తిడతారు గానీ ముందు ప్యాకెట్ మీద చదవండి, హోమోజినైజ్డ్ అని ఉంటే అందులో వెన్న కణాల్ని సన్నగా పగలగొట్టేసి ఉంటారు, అవి పైకి తేలి మీగడ కట్టవు. అలాంటి పాలల్లో కల్తీ ఏమీ లేదు, మీగడ కావాలంటే మాత్రం అవి పనికిరావు.

ఈ పాల మీద నాకు ఇంత ఇష్టం ఉండటానికి అమ్మమ్మ ఇంకో కారణం. ఉయ్యూరు దగ్గర పల్లెటూరు, ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు గేదెలు ఉండేవి. తెల్లారకముందే పాలు తీసి, పాల కేంద్రానికి క్యాన్ పంపేది, ఇంట్లోకి ఉంచుకున్న పాలు పిడకల దాలిలో పెడితే మధ్యాహ్నానికి ఎర్రగా మరిగి అట్టలాంటి మీగడ కట్టేవి. సెలవుల్లో నేనూ ఆ క్యాన్ వెంట కేంద్రానికి వెళ్ళేదాన్ని. అక్కడ వెన్న పరీక్ష చూడటం నాకు సరదా. సన్నటి గొట్టం లాంటి గాజు సీసాలో ముందు యాసిడ్, తర్వాత పాలు పోసి, ఇంకో మందు చుక్కలు వేసి బిరడా బిగించి ఊపితే సీసా వేడెక్కిపోయేది, తర్వాత వాటిని చేత్తో తిప్పే యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పేవాళ్ళు. ఆ సీసా మెడలో పైకి తేరిన వెన్న ఎంతవరకు ఉందో చూసి పుస్తకంలో రాసేవాళ్ళు. దాన్ని బట్టే డబ్బులు. ఏడు వచ్చిందంటే అమ్మమ్మ ముఖం వెలిగిపోయేది, తగ్గిందంటే ఆ రోజు తవుడు, తెలగపిండి సంగతి, గేదెకి పచ్చిమేత సరిపోయిందా లేదా అన్న చర్చ మొదలయ్యేది. ఇప్పుడైతే పాలు పెడితే నిమిషంలో అంకెలు చూపించే మిషన్లు వచ్చేశాయి.

పాల బిల్లు అమ్మమ్మ చేతికే వచ్చేది. వరి డబ్బు తాతయ్యది, ఏడాదికోసారో రెండుసార్లో వస్తుంది, ఎప్పుడొచ్చినా అప్పులకే పోతుంది. పాల బిల్లు అలా కాదు, నెలల తరబడి ఆగక్కర్లేదు, అందులోంచే పచారీ సామాన్లు, మా పిన్ని కాలేజీ ఫీజు, మాకు పండక్కి బట్టలు. పండగ ముందు బోనస్ పడితే ఇంక చెప్పక్కర్లేదు. బెజవాడ విజయ పాలు అమ్మే కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం అంటే ఇలా పాలు పోసేవాళ్ళదే, ప్యాకెట్ కొన్నప్పుడల్లా ఆ డబ్బులో ఎక్కువ భాగం ఏ ఇళ్ళకి చేరుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. రేటు రూపాయి అటూ ఇటూ అయినా నేను పట్టించుకోను.

పాల ప్రాజెక్టు అని ఊళ్ళో అందరూ అనే ఆ ఫ్యాక్టరీ యునిసెఫ్ సాయంతో 1960ల్లో మొదలైన పని. పాలపొడి చేసే ప్లాంటు బెజవాడలో ఎందుకు పెట్టారంటే డెల్టాలో చలికాలం పాలు పుష్కలంగా ఉంటాయి, వర్షాలు మొదలయ్యాక గేదెలు ఈనుతాయి, వరి కోతలయ్యాక పొలాల్లో పిల్లిపెసర, జనుము పచ్చగా ఉంటాయి. ఎండాకాలం వచ్చేసరికి గేదెలు వట్టిపోతాయి, ఉన్నవి కూడా తక్కువిస్తాయి. చలికాలంలో మిగిలిన పాలని పొడి చేసి దాచకపోతే రైతు పారబొయ్యాలి, వేసవిలో టౌను వాళ్ళు వెతుక్కోవాలి. ఇప్పుడు హనుమాన్ జంక్షన్ దగ్గర వీరవల్లిలో ఇంకో కొత్త ప్లాంటు కూడా వచ్చింది. అమ్మకి మాత్రం ఇంకా సీసాల పాల కాలమే ఇష్టం, రేకు మూతల గాజు సీసాలు, ఖాళీవి కడిగి ఇస్తేనే నిండువి ఇచ్చేవాళ్ళట. నాకు గుర్తున్నవి బూత్ ముందు చీకట్లో లైను, తడి ప్యాకెట్ల ట్రేలు.

ఎండాకాలం ఒక్క జాగ్రత్త. పాలు ఏ కంపెనీవైనా సరే కొట్టు చూసి కొనండి. మేం అద్దెకున్న ఒక వీధిలో కొట్టతను ట్రేలు గుమ్మం బయటే వదిలేసేవాడు, ఎనిమిదింటికి తెచ్చుకున్న ప్యాకెట్ కాస్తే విరిగిపోయేది. పాశ్చరైజ్ చేయడం అంటే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేసి వెంటనే చల్లబరచడం, అంతేగానీ అందులో సూక్ష్మజీవులు పూర్తిగా చచ్చిపోవు, చల్లగా ఉంచకపోతే మళ్ళీ పెరుగుతాయి. కొట్టు మార్చాక అవే పాలు ఎప్పుడూ విరగలేదు. ప్యాకెట్ ఉబ్బినట్టు ఉంటే అసలు తీసుకోకండి.

ఐస్‌క్రీం సంగతికొస్తే నా జ్ఞాపకాలన్నీ హైదరాబాదువి. మా ఇంకో పిన్ని వాళ్ళు తార్నాకలో ఉండేవాళ్ళు, లాలాపేట డెయిరీ అక్కడికి దగ్గరే, వేసవి సెలవులకి వెళితే సాయంత్రం విజయ పార్లర్‌కి వెళ్ళడం ఖాయం. కప్పులో వెనిల్లా, చెక్క స్పూను. ఆ వెనిల్లాలో పాల రుచి తెలిసేది, అందుకే నాకు ఇప్పటికీ వెనిల్లా బాగుంటేనే ఆ ఐస్‌క్రీం బాగున్నట్టు, చాక్లెట్, బటర్‌స్కాచ్ వేస్తే ఏది దేని రుచో తెలీదు. పెద్దయ్యాక అక్కడ కాపురం ఉన్నప్పుడు మా పిల్లల్నీ అదే వెనిల్లాకి అలవాటు చేశాను. ఐస్‌క్రీం కొనేటప్పుడు పేరు కాదు, కింద చిన్న అక్షరాలు చూడండి, ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అందులో పాల కొవ్వుకి బదులు పామాయిల్ లాంటి నూనెల కొవ్వు వాడి ఉంటారు. ఐస్‌క్రీం అని రాయాలంటే 10 శాతం పాల కొవ్వు ఉండాలి. డెయిరీ వాళ్ళ ఐస్‌క్రీం వైపు నేను మొగ్గేది ఇందుకే, నోట్లో వేసుకుంటే కరిగి పోతుంది, అంగిలికి జిడ్డు పట్టి ఉండిపోదు.

ఇక్కడ చాలామందికి ఒక కన్‌ఫ్యూజన్ ఉంది. విజయ అన్న పేరు ఒకటే గానీ డెయిరీ ఒకటి కాదు. అసలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1974లో ప్రభుత్వ పాడి పరిశ్రమ అభివృద్ధి కార్పొరేషన్, తర్వాత 1981లో సహకార సమాఖ్య, ఆ రోజుల్లో వచ్చిన పేరు అది. సంఘాలు తమంతట తామే నడుచుకోవచ్చన్న 1995 సహకార చట్టం వచ్చాక కొన్ని జిల్లా సంఘాలు ప్రభుత్వం నుంచి విడివడి సొంతంగా నడుస్తున్నాయి, కృష్ణా వాళ్ళు అలాగే. లాలాపేటది ఇప్పుడు తెలంగాణ సమాఖ్యది. కాబట్టి హైదరాబాదులో కొన్న విజయ నెయ్యికీ బెజవాడలో కొన్నదానికీ రుచి తేడా ఉందంటే ఆశ్చర్యపోకండి, ప్యాకెట్ వెనక తయారీదారు ఎవరో చూడండి. మా చెల్లి అమెరికా వెళ్ళే ముందు ఈ తేడా తెలియక ఒకటికి బదులు ఇంకోటి పట్టుకెళ్ళి, అక్కడి నుంచి ఫోన్ చేసి "అక్కా, ఇది మన నెయ్యి వాసన కాదే" అంది.

నెయ్యి గేదె పాలదైతే తెల్లగా ఉంటుంది, ఆవుదైతే పసుపు, తెల్లగా ఉందని అనుమానపడక్కర్లేదు. నేను మాత్రం నెయ్యి కొనడం తక్కువ, ఫుల్ క్రీం పెరుగు మీది మీగడ వారం పాటు ఫ్రిజ్‌లో దాచి చిలికి, వెన్న కాచుకుంటాను. దించబోయే ముందు రెండు కరివేపాకులు వేస్తే చాలు, అడుగున మిగిలిన మడ్డిలో వేడన్నం కలిపి ఉప్పేసి పెడితే మా పిల్లలు కంచాలు పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడతారు.