బోస్టన్ 9 అరిగిపోయాక ఏం కొనాలి?

అడిడాస్ అడిజీరో బోస్టన్ 9 వేసుకుని పరుగెత్తేవాళ్లలో చాలామంది ఆ జత అరిగాక షోరూమ్‌కి వెళ్లి బోస్టన్ 12 గానీ 13 గానీ అడిగి తెచ్చుకుంటున్నారు. పేరు అదే, పక్కన అంకె మాత్రమే మారింది కదా అన్న నమ్మకం. ఆ నమ్మకంతో డబ్బు పెట్టకండి. 2021లో వచ్చిన బోస్టన్ 10 నుంచి ఆ పేరు మీద అమ్ముతున్నది పూర్తిగా వేరే షూ. పాత బోస్టన్ చేసిన పని ఇవాళ ఎక్కువ భాగం చేసేది అడిజీరో ఎస్ఎల్ 2. అది కూడా అచ్చంగా అలాగే ఉండదు. ఎక్కడ తేడా వస్తుందో ముందే తెలిసి కొంటే ఇబ్బంది ఉండదు.

బోస్టన్ 9లో మనకి నచ్చిందేమిటో ముందు తేల్చుకోవాలి. బోస్టన్ ఎప్పుడూ అడిజీరో అడియోస్‌కి ప్రాక్టీసు జోడీగానే ఉండేది. కెన్యా రన్నర్ డెన్నిస్ కిమెట్టో 2014లో బెర్లిన్ మారథాన్‌ని 2:02:57కి పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టింది అడియోస్ బూస్ట్‌తోనే. అదే ఒడ్డూ పొడుగుకి మడమ కింద ఇంకాస్త మెత్తదనం చేరిస్తే బోస్టన్. రేసు రోజు అడియోస్, మిగతా రోజులు బోస్టన్ అన్నది లెక్క.

దాని కింద ఉన్న బూస్ట్ ఫోమ్‌ని అడిడాస్ 2013లో బీఏఎస్ఎఫ్ కంపెనీతో కలిసి తెచ్చింది. టీపీయూ ప్లాస్టిక్ గింజల్ని మరమరాల్లా ఉబ్బించి, ఆవిరి వేడితో ఒకదానికొకటి అతికిస్తే వచ్చే ఫోమ్ అది. మామూలు ఈవీఏ ఫోమ్ కన్నా బరువు ఎక్కువ. కానీ అణిగిపోకుండా ఎక్కువ కాలం ఉంటుంది, ఎండకీ చలికీ దాని స్వభావం పెద్దగా మారదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పరుగెత్తేవాళ్లకి ఈ రెండో గుణం చాలా ముఖ్యం. ఈవీఏ వేడికి మెత్తబడుతుంది, పొద్దున్న మొదటి కిలోమీటరులో ఉన్న గట్టిదనం పదో కిలోమీటరుకి ఉండదు.

మిగతా గుణాలు ఇవి. డ్రాప్, అంటే మడమ కింద ఎత్తుకీ వేళ్ల కింద ఎత్తుకీ తేడా, 10 మి.మీ. మడమ ఎత్తు 30 మి.మీ.కి అటూ ఇటూ. బరువు మగవాళ్ల మామూలు సైజులో 250 గ్రాముల లోపు. మధ్యలో టోర్షన్ అనే ప్లాస్టిక్ పట్టీ ఉండడంతో పాదం నడుమ మెలి తిరగదు, వేళ్ల దగ్గర మాత్రం చేత్తో వంచితే చక్కగా వంగుతుంది. అడుగున టైర్ల కంపెనీ కాంటినెంటల్ రబ్బరు. తడి రోడ్డు మీద దాని పట్టు గురించి వాడినవాళ్లకి చెప్పక్కర్లేదు. మడమ దగ్గర బిగుతు, ముందు భాగం కూడా కొంచెం ఇరుకే.

బోస్టన్ 10లో మడమ ఎత్తు 39.5 మి.మీ.కి, ముందు ఎత్తు 31 మి.మీ.కి పెరిగాయి. రోడ్డు రేసులకి వరల్డ్ అథ్లెటిక్స్ పెట్టిన 40 మి.మీ. హద్దుకి అర మిల్లీమీటరు తక్కువన్నమాట. బూస్ట్ పోయింది. పైన లైట్‌స్ట్రైక్ ప్రో అనే మెత్తటి ఫోమ్, కింద గట్టి లైట్‌స్ట్రైక్ ఫోమ్ వచ్చాయి. రెండిటి మధ్య ఎనర్జీ రాడ్స్ అనే కడ్డీలు, వేళ్ల ఎముకల దారిలోనే. ఈ కడ్డీల వల్ల ముందు భాగం వంగదు, పాదం వంగే బదులు షూ మొత్తం ముందుకి దొర్లుతుంది. 12లో ఫోమ్‌ని మెరుగుపరిచారు, కడ్డీలు గాజు పీచువి, మొదటి రోజు నుంచీ వేసుకోవడానికి 10 కన్నా చాలా హాయిగా ఉంటుంది. డ్రాప్ మాత్రం 6, 7 మి.మీ. దగ్గరికి వచ్చేసింది, ధర అమెరికాలో 160 డాలర్లకి చేరింది.

12 చెడ్డ షూ కాదు. 25 నుంచి 32 కిలోమీటర్ల పరుగులో చివరి పది కిలోమీటర్లు మారథాన్ వేగంతో పూర్తిచేయాలంటే పాత బోస్టన్ కన్నా ఇదే కాళ్లని బాగా కాస్తుంది. అదే మంగళవారం పొద్దున్నే 8 కిలోమీటర్లు, మధ్యలో నాలుగు వేగపు పరుగులు, సందుల్లో మలుపులు, స్పీడ్ బ్రేకర్లు అన్నప్పుడు ఆ ఎత్తు అడ్డమవుతుంది. మలుపు దగ్గర చీలమండ పక్కకి ఒరుగుతుంది. రోడ్డు ఒక పక్కకి వాలుగా ఉన్నచోట ఆ వాలు రెట్టింపుగా తెలుస్తుంది. హైదరాబాద్ ఫ్లైఓవర్లు దిగేటప్పుడు కడ్డీలు తోసే తోపుకి అడుగు మన ఇష్టానికి మించి ముందుకి పడుతుంది.

అందుకే ఎస్ఎల్ 2 ముందు చూడమనేది. ఇందులో కడ్డీల్లేవు. బయట లైట్‌స్ట్రైక్ 2.0, లోపల మడమ నుంచి వేళ్ల దాకా లైట్‌స్ట్రైక్ ప్రో పొర. బరువు 240 గ్రాముల దగ్గర, డ్రాప్ 9 మి.మీ. చుట్టూ. ఈ రెండు అంకెలూ బోస్టన్ 9కి ఎంత దగ్గరో చూడండి. ముందు భాగం వంగుతుంది, వేగం పెంచితే అడ్డుపడదు, నెమ్మదిగా పోతే విసిగించదు. విడుదలప్పుడు అమెరికాలో ధర 130 డాలర్లు. ఇక్కడ షోరూమ్ ధరకి తొందరపడకండి, కొత్త రంగులు వచ్చినప్పుడు పాత రంగుల మీద బాగానే తగ్గిస్తారు.

లోపాలు కూడా వినండి. మడమ ఎత్తు 35 మి.మీ. చుట్టూ ఉంటుంది కాబట్టి నేల తగులుతున్న ఆ పాత అనుభూతి రాదు. బయటి పొర ఈవీఏ రకం కనుక బూస్ట్‌లా ఏళ్ల తరబడి ఒకేలా ఉండదు. బోస్టన్ 9 మీద వెయ్యి కిలోమీటర్లు తోలినవాళ్లు దీన్నుంచి 600, 700 ఆశిస్తే సరిపోతుంది. ఫోమ్ అయిపోయిందని అడుగు రబ్బరు చెప్పదు, మిడ్‌సోల్ (మధ్యలోని ఫోమ్ పొర) పక్కన అడ్డంగా పడే ముడతలు చెబుతాయి. బరువు వేయకపోయినా ఆ ముడతలు విచ్చుకోకపోతే ఆ జతని నడకకి వాడుకోవడమే. ఏ మోడల్ కొన్నా అడుగు తిప్పి కాంటినెంటల్ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే వానాకాలంలో మ్యాన్‌హోల్ మూతల మీద, రోడ్డు మీది తెల్ల గీతల మీద అడుగు చూసి వేయాలి.

అడిడాస్‌దే అయిన అడిజీరో ఎవో ఎస్ఎల్ గురించి అందరూ అడుగుతారు. మొత్తం లైట్‌స్ట్రైక్ ప్రో, కడ్డీల్లేవు, 224 గ్రాములు. ఈ జాబితాలో అన్నిటికన్నా హుషారైన షూ అదే. కానీ డ్రాప్ 6 మి.మీ. చుట్టూ, ఎత్తు ఎక్కువ, ఫోమ్ బాగా మెత్తన. మడమ లోపలికి ఒరిగేవాళ్లు, మడమ వెనక నరం (అకిలిస్ టెండన్) నొప్పితో ఇదివరకు బాధపడినవాళ్లు దీన్ని పాత బోస్టన్ స్థానంలో రోజూ వాడొద్దు. వారానికి ఒక వేగపు పరుగుకి ఉంచుకోండి.

నేల తగలడమే కావాలి, మెత్తదనం తగ్గినా పర్లేదనేవాళ్లకి అడియోస్ 8 ఉంది. 200 గ్రాముల చుట్టూ, డ్రాప్ 8 మి.మీ., సన్నటి సోల్. పది కిలోమీటర్ల దాకా బ్రహ్మాండం. 75 కిలోల పైబడ్డవాళ్లు హాఫ్ మారథాన్ దూరానికి వేసుకుంటే మర్నాడు పిక్కలు పట్టేస్తాయి.

అడిడాస్ దాటి చూస్తే డ్రాప్ సరిగ్గా 10 మి.మీ. ఉన్నవాటిలో చూడదగ్గవి రెండు. నైకీ పెగాసస్ 41 ఊరూరా దొరుకుతుంది, మన్నికకి వంక లేదు, వెడల్పు సైజులో కూడా తయారవుతుంది. బరువే సమస్య, బోస్టన్ 9 కన్నా కనీసం 30, 40 గ్రాములు ఎక్కువ. నెమ్మది పరుగులకి ఆ బరువు తెలియదు, వేగపు పరుగుల్లో తెలుస్తుంది. రెండోది బ్రూక్స్ లాంచ్. తేలిక, సాదా, వంగే స్వభావం. స్వభావంలో పాత బోస్టన్‌కి ఇదే అన్నిటికన్నా దగ్గర అని మా అభిప్రాయం. బ్రూక్స్ ఒకప్పుడు దీన్ని ఆపేస్తామని ప్రకటించి, రన్నర్లు గొడవ చేస్తే మళ్లీ కొనసాగించింది. అమెరికాలో ఉన్నవాళ్లు ఎస్ఎల్ 2 కన్నా ముందు దీన్నే వేసి చూడాలి. సాకనీ కిన్వారా కూడా తేలికే, కానీ డ్రాప్ 4 మి.మీ. పది నుంచి ఒక్కసారి నాలుగుకి దిగడం పిక్కలకి పెద్ద పని.

ఇక సైజు. ఎక్కువ జతలు వెనక్కి పోయేది ఇక్కడే. అడిడాస్ లెక్కలో యూకే 8 అంటే యూఎస్ 8½, 26.5 సెం.మీ. నైకీ, బ్రూక్స్, ఏసిక్స్, సాకనీ మగవాళ్ల లెక్కలో యూకే 8 అంటే యూఎస్ 9, 27 సెం.మీ. కాబట్టి బోస్టన్‌లో యూకే 8 సరిపోయినవాళ్లు పెగాసస్‌లో కళ్లు మూసుకుని యూకే 8 కొంటే అర సెంటీమీటరు వదులవుతుంది, యూకే 7½ కూడా వేసి చూడాలి. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యకో మరదలికో చెప్పి తెప్పించుకునేటప్పుడు యూకే అంకె చెప్పకండి. పాత షూ నాలుక వెనక ఉన్న లేబుల్ ఫోటో తీసి, జే లేదా జేపీ (జపాన్ సైజు) అని రాసి ఉన్న అంకె పంపండి, 265 అంటే 26.5 సెం.మీ. ఏ కంపెనీ డబ్బా మీదైనా ఆ సెంటీమీటర్ల అంకె వెతికి తెస్తే తేడా వచ్చే అవకాశం తక్కువ.

షాపులో చూసుకునే పద్ధతి: సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పరుగుకి వేసుకునే మేజోళ్లే వేసుకోండి. ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. పొడుగైన వేలి ముందు ఒక సెంటీమీటరుకి తగ్గకుండా ఖాళీ ఉండాలి, చిటికెన వేలు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే సైజు పెంచి పెద్దగా లాభం లేదు, పొడుగు పెరిగినంతగా వెడల్పు పెరగదు. ఆ మోడల్ వదిలేయండి. తర్వాత మడమ పట్టు. మెట్లు ఎక్కితే మడమ లేస్తోందా? అయితే చివర ఉన్న అదనపు రంధ్రంలోంచి లేసుని అదే పక్క లోపలికి దూర్చి చిన్న ఉచ్చు చేసి, ఎదుటి పక్క లేసుని ఆ ఉచ్చులోంచి తీసి కట్టండి. ఎస్ఎల్ 2లో మడమ జారుతోందనేవాళ్లలో చాలామందికి దీంతోనే సరిపోతుంది.

పాత జత పూర్తిగా చచ్చేదాకా ఆగకుండా, ఇంకో 100, 150 కిలోమీటర్ల ప్రాణం ఉండగానే కొత్తది కొనండి. మొదటి రెండు వారాలు కొత్తదాన్ని వారానికి రెండుసార్లు, 4, 5 కిలోమీటర్ల నెమ్మది పరుగుకి మాత్రమే వాడి, మిగతా రోజులు పాతదే వేసుకోండి. డ్రాప్ తగ్గినకొద్దీ పిక్కలూ మడమ వెనక నరమూ ఎక్కువ సాగాలి, వాటికి అలవాటయ్యే వ్యవధి కావాలి. పొద్దున్న మంచం దిగగానే మడమ వెనక బిగుసుకుపోతుంటే ఆ వారం కొత్త జత పక్కన పెట్టండి. పిక్కల నొప్పి రెండు రోజుల్లో పోతే భయం లేదు.

ఆఖరికి పాత స్టాకు. బోస్టన్ 8, 9 ఇప్పటికీ ఆన్‌లైన్‌లో, ఔట్‌లెట్లలో అక్కడక్కడ కనిపిస్తాయి. లేబుల్ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అడిగి ఫోటో తెప్పించుకోండి. బూస్ట్ కన్నా ముందు పాడయ్యేది జిగురు, మన తేమకీ గోదాముల వేడికీ త్వరగా పట్టు వదులుతుంది. జత చేతికి రాగానే ముందు భాగాన్ని పది, పదిహేనుసార్లు వంచి, రబ్బరు అంచు వెంట గోటితో లాగి చూడండి. ఎక్కడైనా పొర లేస్తే అదే రోజు వెనక్కి పంపండి. కుడి ఎడమ లేబుళ్ల మీద సీరియల్ అంకెలు సాధారణంగా వేర్వేరుగా ఉంటాయి, రెండూ ఒకటే అయితే నకిలీ అని అనుమానించాలి. అన్నీ సరిగ్గా ఉంటే ఒక్క జత కొనుక్కోండి. మూడు నాలుగు జతలు కొని బీరువాలో దాచినా, వాడకుండానే జిగురు వయసు అయిపోతుంది.