స్పీకరు పదవి: లోక్‌సభ పద్ధతి మేలా, కామన్స్ సభ పద్ధతి మేలా?

లోక్‌సభలో రగడ జరిగి స్పీకరుపై పక్షపాత ఆరోపణ వచ్చిన ప్రతిసారీ పాఠకులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఈ పదవిని బ్రిటన్ నుంచే తెచ్చుకున్నాం కదా, మరి ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలు?

వయసులో పోలికే లేదు. బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో స్పీకరు అనే పేరుతో తొలిసారి ఆ బాధ్యత చేపట్టిన థామస్ హంగర్‌ఫర్డ్ కాలం 1377. మన లోక్‌సభ తొలిసారి కొలువుదీరింది 1952 మే 13న. 1642లో ఐదుగురు సభ్యులను బంధించడానికి ఇంగ్లండ్ రాజు ఒకటో చార్లెస్ స్వయంగా సభలోకి వచ్చినప్పుడు, సభ ఆనతి లేనిదే తనకు చూసే కళ్లూ పలికే నాలుకా లేవని స్పీకరు లెంతాల్ జవాబిచ్చిన ఘట్టాన్ని చాలామంది ఉదాహరిస్తారు. ఘట్టం గొప్పదే గాని, నేటి తేడాకు మూలం అక్కడ లేదని నా అభిప్రాయం.

మూలం తర్వాతి ఎన్నికల టికెట్టులో ఉంది. బ్రిటన్‌లో స్పీకరుగా ఎన్నికైనవారు పార్టీని వదులుకుంటారు. సాధారణ ఎన్నికల్లో స్పీకరుగానే నిలబడతారు, ఆచారం ప్రకారం ప్రధాన పార్టీలు వారిపై అభ్యర్థిని పెట్టవు. 2009 నుంచి స్పీకరు ఎన్నిక రహస్య బ్యాలెట్ ద్వారా జరుగుతోంది. అంతకు ముందే, 1992లో, కన్సర్వేటివ్ ఆధిక్యం ఉన్న సభ లేబర్ సభ్యురాలు బెటీ బూత్రాయిడ్‌ను ఎన్నుకుంది. అయితే స్పీకరు నియోజకవర్గపు ఓటర్లకు పార్టీల మధ్య ఎంచుకునే అవకాశం పోతుంది. ఇది చిన్న లోపమేమీ కాదు.

మన రాజ్యాంగంలోని 93వ అధికరణం సభ్యుల్లో ఒకరిని ఎన్నుకోమంటుందే తప్ప పార్టీని వదలమనదు. 1967లో స్పీకరైన నీలం సంజీవరెడ్డి కాంగ్రెసుకు రాజీనామా చేసినా అది ఆచారంగా నిలబడలేదు. 1999 ఏప్రిల్‌లో, తన తెలుగుదేశం పార్టీ వాజపేయి ప్రభుత్వం పక్షానే ఉన్నా, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఇంకా ఎంపీగానే ఉన్న కాంగ్రెసు నేత గిరిధర్ గమాంగ్ విశ్వాస పరీక్షలో ఓటు వేయడాన్ని స్పీకరు బాలయోగి ఆయన అంతరాత్మకే వదిలిపెట్టారు. ఆ ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. 2008లో పార్టీ చెప్పినా పదవి వీడని స్పీకరు సోమనాథ్ ఛటర్జీని సీపీఎం బహిష్కరించింది. అంటే ఇక్కడ తటస్థత వ్యక్తి గుణం మీద ఆధారపడుతోంది, దానికి మూల్యమూ ఆ వ్యక్తే చెల్లించుకుంటున్నాడు.

పైగా 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ఫిరాయింపులపై తీర్పు చెప్పే అధికారాన్ని స్పీకరుకే ఇచ్చింది. బ్రిటన్‌లో పార్టీ మారిన సభ్యుడి సీటు పోదు గనుక అక్కడి స్పీకరుకు ఆ తలనొప్పే లేదు. అధికారం తక్కువ ఉన్నచోట రక్షణ ఎక్కువ, ఎక్కువ ఉన్నచోట రక్షణ తక్కువ.

అమెరికా ప్రతినిధుల సభలో స్పీకరు బాహాటంగా ఆధిక్య పక్షం నాయకుడే; ఐర్లండ్‌లో దిగువ సభ అధ్యక్షుడు మళ్లీ పోటీ అవసరం లేకుండానే సభలోకి తిరిగి వస్తాడు.

నా మొగ్గు కామన్స్ పద్ధతి వైపే. అయితే స్పీకరుకు పోటీ పెట్టకూడదనే ఒప్పందానికి మన పార్టీలు ఇప్పట్లో వస్తాయని నేను అనుకోను. కాబట్టి ముందుగా ఫిరాయింపుల తీర్పును ఆ కుర్చీ నుంచి తప్పించి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించడం మేలు. ఈ మార్పును ఆలోచించమని 2020లో సుప్రీంకోర్టే పార్లమెంటుకు సూచించింది.